సాక్షి సమన్లపై శిక్షల వివరాలు తెలుగులో అచ్చు వేయాలి

సంపాదకుల వారికి,

కోర్టు సాక్షిగా పిలిచినప్పుడు వెళ్లకపోతే ఏమవుతుందో మన నగరంలో చదువుకున్నవారికి కూడా సరిగా తెలియదు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో వాదించే న్యాయవాదిగా నేను తరచూ చూస్తున్నదే చెబుతున్నాను. "కేసు వాళ్లది, మధ్యలో నాకెందుకు" అనుకుని సమన్లను బీరువాలో పడేసినవారు, కొన్ని నెలలకు వారెంటుతో కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడేసరికి హడలిపోయి మా దగ్గరికి వస్తారు.

ఒక రోడ్డు ప్రమాదం కేసులో ప్రత్యక్ష సాక్షి అయిన మలక్‌పేట దుకాణదారుకు ఇలాగే జరిగింది. కానిస్టేబుల్ చూపిన చోట సంతకం పెట్టి సమన్లు తీసుకున్నారు గానీ, వాయిదా రోజున బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచినా ఆయన రాలేదు. సంతకం ఉన్న రెండో ప్రతి కోర్టు ఫైల్లో భద్రంగా ఉన్నందున, తనకు అందలేదని చెప్పే దారి కూడా లేకపోయింది.

క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశిస్తూ 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 90వ సెక్షన్ ప్రకారం, సమన్లు సకాలంలో అందాయని రుజువై, గైర్హాజరుకు సహేతుకమైన కారణం చూపకపోతే, కోర్టు ఆ సాక్షిపై వారెంటు జారీ చేయవచ్చు. అదే చట్టం 389వ సెక్షన్ కింద, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇచ్చి 500 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఉద్దేశపూర్వకంగా ఎగవేస్తే, నేరాలకు శిక్షలు నిర్దేశించే భారతీయ న్యాయ సంహిత 208వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దీనికి ముందున్న పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో ఈ జరిమానా 1,000 రూపాయలే. సివిల్ దావాల్లోనైతే వారెంటుతో పాటు ఆస్తి జప్తుకు, 5,000 రూపాయల వరకు జరిమానాకు అవకాశం ఉంది.

ఇప్పుడు సమన్ల ప్రతిని ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. పోలీసులమంటూ ఫోన్లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' మోసాలు జరుగుతున్న ఈ రోజుల్లో ఫోనుకు వచ్చిన కోర్టు సందేశాన్ని నకిలీదని చెరిపేసేవారిని నేను తప్పుపట్టలేను. అయితే కేసు నంబరుతో ఈ-కోర్టుల వెబ్‌సైట్లో వాయిదా తేదీని సరిచూసుకోవచ్చన్న సంగతి వారికి ఎవరో ఒకరు చెప్పాలి కదా!

శిక్షలు ఇంకా పెంచాలని కొందరు సహచరులు అంటారు. నేను ఒప్పుకోను. పనులు మానుకుని వచ్చిన సాక్షిని సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టి "మళ్లీ వాయిదాకు రండి" అని పంపేస్తే, ఆ మనిషి రెండోసారి రాకపోవడానికి కారణం భయం లేకపోవడం కాదు. హాజరైన సాక్షిని విచారించకుండా కేసు వాయిదా వేయకూడదని, వేస్తే ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 346వ సెక్షనే చెబుతోంది. సాక్షులు పడే ఈ అగచాట్లను సుప్రీంకోర్టు 2000లోనే స్వరణ్ సింగ్ కేసు తీర్పులో తీవ్రంగా ఎత్తిచూపింది.

కాబట్టి రాష్ట్ర హైకోర్టుకు, న్యాయ సేవాధికార సంస్థకు నా విన్నపం ఒక్కటే. సాక్షి సమన్ల వెనుక వైపు, రాకపోతే ఎదురయ్యే పరిణామాలను, దారి ఖర్చుల బత్తా ఎలా అడగాలో, అనారోగ్యం వంటి కారణాలుంటే ముందుగా కోర్టుకు ఎలా తెలియజేయాలో వాడుక తెలుగులో, పాతబస్తీ కోసం ఉర్దూలో కూడా అచ్చు వేయించాలి. సమన్లు ఇచ్చే కానిస్టేబుల్ సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించేలా ఉత్తర్వులు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక న్యాయవాది,
చిక్కడపల్లి, హైదరాబాద్