మేలో చూసిన నీడ డిసెంబరులో ఉండదు

సంపాదకులకు,

మేడ మీద సోలార్ పెట్టించే ప్రకటనల్లో రెండే మాటలు: 78 వేల సబ్సిడీ, సున్నా బిల్లు. సబ్సిడీ మాట నిజమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు ఇస్తారు. బిల్లు సంగతి మాత్రం మేడ మీద పనిని బట్టి ఉంటుంది.

ముందు నీడ. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. ఆ రోజుల్లో కొలతలకు వచ్చినవాళ్లకు నీళ్ల ట్యాంకు నీడ దక్షిణం వైపు జానెడు కనిపిస్తుంది. 'అడ్డేమీ లేదండీ' అని రాసుకుని వెళ్తారు. డిసెంబరులో అదే నీడ ఉత్తరానికి తిరుగుతుంది. మధ్యాహ్నం దాదాపు ట్యాంకు ఎత్తంత, పొద్దున తొమ్మిదింటికి వాయవ్యంగా దానికి రెట్టింపు దాకా సాగుతుంది. అందుకే ప్యానెళ్లు ట్యాంకుకు దక్షిణాన ఉండాలి. కుదరకపోతే ట్యాంకు ఎత్తుకు రెండింతల దూరం వదలాలి. ఒక మూల నీడ పడితే ఆ మూల ఒక్కటే పోదు, ఆ ప్యానెల్‌లో మూడో వంతు ఆగిపోతుంది. నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపడమే లోపలున్న బైపాస్ డయోడ్ పని. ఏళ్ల తరబడి రోజూ అదే చోట నీడ పడి డయోడ్ కాలిపోతే, అక్కడి సెల్ వేడెక్కి ప్యానెల్ వెనక గోధుమరంగు మచ్చ తేలుతుంది.

తర్వాత కనెక్టర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు. ప్యానెల్ వైరుకు ఒక కంపెనీది, పొడిగింపు వైరుకు ఇంకో కంపెనీది తగిలిస్తారు. క్లిక్‌మని అతుక్కుంటాయి గానీ లోపల పిన్ను వదులుగానే ఉంటుంది. దాని మీదుగా 13 ఆంపియర్లు పారితే ప్లాస్టిక్ కరుగుతుంది. పిన్నును వైరుకు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ వాడకుండా కటింగ్ ప్లేయర్‌తో నొక్కినా అదే గతి. 550 వాట్ల ప్యానెళ్లు ఆరు వరుసగా కలిపితే 300 వోల్టుల డీసీ. మెయిన్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపూ ఆ తీగల్లో వోల్టేజీ ఉంటుంది. ఇంటివాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లే తక్కువ.

కరెంటు పోతే సోలార్ ఆదుకుంటుందనుకోవడం మరో పొరపాటు. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ తగలకుండా, సరఫరా ఆగగానే ప్యానెళ్ల డీసీని ఇంటి కరెంటుగా మార్చే మామూలు సోలార్ ఇన్వర్టరూ ఆగిపోతుంది. కోతలప్పుడు ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ ఉండాలి. సబ్సిడీ లెక్క మాత్రం కిలోవాట్ల మీదే, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైన్ చివర ఉన్న ఇళ్లది వేరే బాధ. మంచి ఎండలో, ఇంట్లో వాడకం లేని వేళ, కరెంటు సన్నటి సర్వీసు వైరులో ఎదురు పారి వోల్టేజీ పెరుగుతుంది. 253 వోల్టులు దాటితే ఇన్వర్టరు తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ కలుస్తుంది. ప్యానెళ్లు బాగోలేవని కంపెనీ మీద కేకలేస్తారు గానీ, మందం కేబుల్ వేస్తేనో, ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని సర్దే ట్యాప్ ఒక మెట్టు దించితేనో చాలాచోట్ల తీరిపోయే సమస్య ఇది.

లైన్‌ నుంచి తీసుకున్న, లైన్‌లోకి పంపిన కరెంటును లెక్కించే నెట్ మీటర్ దరఖాస్తుతో పాటు ఒక్క కాగితం తప్పనిసరి చేయాలని డిస్కమ్‌లను (కరెంటు పంపిణీ సంస్థలను) కోరుతున్నాం. అందులో ఉండాల్సినవి: డిసెంబరు నీడ ఎక్కడిదాకా వస్తుంది, ప్యానెళ్ల వరుస ఓపెన్ వోల్టేజీ (ఇన్వర్టరుకు కలపనప్పటి వోల్టేజీ) ఎంత, ఎర్తింగ్ నిరోధం ఎన్ని ఓమ్‌లు, మధ్యాహ్నం పన్నెండింటికి మీటరు దగ్గర వోల్టేజీ ఎంత. బిగించినవాళ్లు కొలిచి, సంతకం పెట్టి, ఒక ప్రతి ఇంటివాళ్లకూ ఇవ్వాలి.

ఇట్లు,
ఎలక్ట్రికల్ పనివారు కొందరు, గుంటూరు