ఫైనాన్స్ వదిలేస్తానన్నావట

చి. సౌమ్యకు,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. చాలా రోజులుగా నీ ఫోన్ లేదు. పరీక్షల హడావుడి అనుకున్నాం. నిన్న లలిత పిన్ని మాటల సందర్భంలో, "సౌమ్య ఫైనాన్స్ వదిలేస్తుందట, అసలు చదువే మానేద్దామా అని కూడా చూస్తోందట" అంది. దాని గురించి అడగడానికి రాయడం లేదులే. మొన్న నువ్వు పంపిన సిలబస్ మళ్ళీ చదివాను, నాలుగు మాటలు రాయాలనిపించింది. ముందు ఇది చెప్పు: కళ్ళజోడు పవర్ చూపించుకున్నావా? గంటల తరబడి స్ప్రెడ్‌షీట్లతో కూర్చునే చదువు నీది. తలనొప్పి అద్దాల వల్లో, పాఠం వల్లో ముందు తేల్చుకో.

ఎంబీఏ మొదటి ఏడాదిలో అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సంస్థల్లో మనుషుల ప్రవర్తన, ఆపైన స్ట్రాటజీ ఉంటాయి. వేరే వేరే పుస్తకాలు, వేరే వేరే మాస్టార్లు కాబట్టి దేనికది అన్నట్టు కనిపిస్తాయి. కానీ అన్నీ ఒకే కంపెనీని తలా ఒక ప్రశ్న అడుగుతాయి. నీకు బరువనిపిస్తున్న లెక్కలు మొదటి నుంచీ ఇంత లేవు. హార్వర్డ్‌లో 1908లో ఈ చదువు మొదలయ్యాక చాలాకాలం వ్యాపార పద్ధతుల వర్ణనే ఎక్కువ. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థల తరఫున వచ్చిన రెండు నివేదికలు బిజినెస్ చదువుల్లో లోతు లేదని గట్టిగా విమర్శించాయి. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, ఫైనాన్స్ బలపడింది ఆ తర్వాతే. కాబట్టి ఫైనాన్స్‌ను తీసేసి మిగతాది చదువుతాననడం కుదరదమ్మా.

ఫైనాన్స్ తలకెక్కకపోతే చాలాసార్లు లోపం అకౌంటింగ్‌లో ఉంటుంది. ఇది చూడు. 80కి కొన్న సరుకు 100కి అమ్మారు. లాభం 20. సరుకిచ్చినవాడికి 30 రోజుల్లో కట్టాలి, కొన్నవాడు 90 రోజులకు ఇస్తాడు. మధ్యలో 60 రోజులు ఆ 80 ఎవరు పెట్టాలి? అమ్మకాలు రెట్టింపైతే ఇరుక్కునే డబ్బూ రెట్టింపు. లాభంలో ఉన్న కంపెనీ, అదీ పెరుగుతున్న కంపెనీ, జీతాలివ్వలేక మూతపడేది ఇలాగే. లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్ (ఆస్తులు, అప్పుల పట్టిక), క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పట్టిక) మూడూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే లావాదేవీ మూడింట్లో ఎక్కడెక్కడ పడుతుందో పెన్సిలుతో రాయి. ఇరవై లావాదేవీలు అలా రాస్తే భయం పోతుంది.

తర్వాత ఎన్‌పీవీ, అంటే ముందుముందు వచ్చే డబ్బుకు ఈనాటి విలువ కట్టి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. ఈరోజు 100 పెడితే మూడేళ్ళపాటు ఏడాదికి 40 వస్తుంది. మొత్తం 120, కాబట్టి 20 మిగిలిందంటావు. పది శాతం డిస్కౌంట్ రేటుతో (రేపటి డబ్బును ఈనాటి విలువకు తగ్గించే రేటు) ఈనాటి విలువ కడితే 36.36, 33.06, 30.05, వెరసి 99.47. అంటే 0.53 నష్టం. ఎక్సెల్‌లో ఇది చేసేటప్పుడు జాగ్రత్త: అందులోని ఎన్‌పీవీ ఫార్ములా మొదటి అంకెను ఏడాది చివర వచ్చినదిగా తీసుకుంటుంది. పెట్టిన 100నూ ఆ వరసలోనే ఇస్తే జవాబు మైనస్ 0.48 వస్తుంది. తేడా చిన్నదే కాబట్టి ఎవరికీ కనిపించదు, మార్కులు మాత్రం పోతాయి. ఆ 100ను ఫార్ములా బయట తీసెయ్యాలి. ఇంకో రెండు చోట్ల పిల్లలు పడిపోతారు. ఎప్పుడో ఖర్చయిపోయి తిరిగిరాని డబ్బును కొత్త ప్రాజెక్టు లెక్కలో కలుపుతారు. వడ్డీని రాబడిలోంచి తీసేసి, మళ్ళీ డిస్కౌంట్ రేటులో అప్పు ఖర్చు కూడా లెక్కేస్తారు. నీ ఫైనాన్స్ పేపరులో తప్పు ఎక్కడ జరిగిందో చూశావా, మార్కు చూసి మూసేశావా?

మార్కెటింగ్ నీకు ఇష్టమే, దాని గురించి చెప్పను. మనుషుల ప్రవర్తన పాఠాన్ని తేలిక సబ్జెక్టని వదలకు, చాలు.

ఆపరేషన్స్‌లో బీర్ గేమ్ ఆడించారా? అమెరికాలోని ఎమ్‌ఐటీలో పుట్టిన ఆట అది, బీరు ఫ్యాక్టరీ నుంచి దుకాణందాకా సరఫరా ఎలా నడుస్తుందో చూపిస్తుంది. ఆడకపోతే నీ గ్రూపుతో ఆడు, నేను చెబుతాను. రిటైలరు, హోల్‌సేలరు, పంపిణీదారు, ఫ్యాక్టరీ అని నాలుగు చోట్లు. ఒక్కో రౌండు ఒక్కో వారం. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, తనకు వచ్చిన ఆర్డరు తప్ప ఎవరికీ ఏమీ కనిపించదు. ఒక్కొక్కరి దగ్గర 12 కేసుల (పెట్టెల) సరుకు. నిల్వ ఉన్న కేసుకు వారానికి అర డాలరు ఖర్చు, ఇవ్వలేక బాకీ పడ్డ కేసుకు ఒక డాలరు. కస్టమర్లు వారానికి 4 కేసులడుగుతుంటారు. ఐదో వారం నుంచి 8 అడుగుతారు. అంతే, చివరిదాకా 8. మారేది అదొక్కటే. కానీ ఆర్డరు పైకి చేరడానికి రెండు వారాలు, సరుకు కిందికి రావడానికి రెండు వారాలు. రిటైలరు నిల్వ కరిగిపోతుంటుంది, కంగారుపడి ఎక్కువ రాస్తాడు. ఎక్కువ అడిగింది వచ్చే వారం రాదు. రాలేదని ఇంకా ఎక్కువ రాస్తాడు. పైనున్న హోల్‌సేలరు దాన్ని చూసి ఇంకొంచెం కలుపుతాడు. ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఆ 8 ఎన్నో రెట్లవుతుంది. తర్వాత పాత ఆర్డర్లన్నీ ఒక్కసారిగా దిగుతాయి. నిల్వ కొండలా పేరుకుంటుంది, అందరూ ఆర్డర్లు ఆపేస్తారు, ఫ్యాక్టరీ ఖాళీ. ఆట అయ్యాక మాస్టారు కస్టమర్ల డిమాండు గీయమంటే, చాలామంది పెద్ద అల గీస్తారు. అసలు గీత ఒక్క మెట్టు ఎక్కి నిలిచిపోయింది, అంతే. అలను చేసింది వాళ్ళే. ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ జాన్ స్టెర్‌మన్ 1989లో ఈ ఆటలనే విశ్లేషించి, దారిలో ఉన్న సరుకును ఆడేవాళ్ళు సరిగా లెక్కలోకి తీసుకోకపోవడమే ముఖ్య కారణమని చూపించాడు. అది తెలిస్తే ఆడే పద్ధతి మారుతుంది: చేతిలో ఉన్నదీ, దారిలో ఉన్నదీ కలిపి, అందులోంచి బాకీ తీసేసి, అప్పుడు ఆర్డరు రాయాలి.

నీ సంగతీ అదే. ఈ టర్ములో చదివిన ఫైనాన్స్ దారిలో ఉన్న సరుకు లాంటిది, ఇంకా చేతికి రాలేదు. రెండో ఏడాది వాల్యుయేషన్, విలీనాలు, ప్రైవేట్ ఈక్విటీ లాంటి ఐచ్ఛికాలన్నీ దీని మీదే నిలుస్తాయి. ఒక్క మధ్యంతర పరీక్ష మార్కు చూసి అది రాదనుకోకు. లెక్చర్ ఇస్తున్నానని విసుక్కోకు, ఇంకొక్క మాట.

మీ గ్రూపులో కేసులు (క్లాసులో చర్చకిచ్చే కంపెనీ కథలు) పంచుకుంటున్నారని అన్నయ్య చెప్పాడు. నువ్వు మార్కెటింగ్, గ్రూపులో ఇంకో అబ్బాయి ఫైనాన్స్. అలాగైతే ఏడాది చివరికి ఎవరికి వచ్చింది వాళ్ళకే వస్తుంది, రానిది రానట్టే ఉంటుంది. వరస మార్చండి, ఫైనాన్స్ కేసు నువ్వే తీసుకో. మొదటి పేజీ, చివరి పేరా చదివి, నిర్ణయం ఎవరిది, ఏమిటి, ఎప్పటిలోగా అని మూడు లైన్లు రాయి. తర్వాత వెనక పట్టికలు చూసి ఒక్క లెక్కైనా చెయ్యి. అప్పుడు మొత్తం చదువు. ఎవరో రాసిన సారాంశం ముందు చదివితే క్లాసులో మాస్టారు "ఆ అంకె ఎక్కడిది?" అనగానే నోరు పడిపోతుంది. గంట ముందే పడుకో, అమ్మ పదే పదే చెబుతోంది. నిద్రలేని కళ్ళతో పట్టిక చదివితే వరసలు మారిపోతాయి.

సరే, అడగనన్నాను గానీ అడుగుతున్నాను. పిన్ని చెప్పింది నిజమైతే సంతకం చెయ్యకముందు ఆఫీసులో మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకో. ఒక సబ్జెక్టు వదలడానికి ఆఖరు తేదీ ఎప్పుడు, అది దాటితే మార్కుల పత్రంలో ఏం పడుతుంది. ఫైనాన్స్ తప్పనిసరి సబ్జెక్టైతే, మళ్ళీ ఎప్పుడు పెడతారు, అప్పటిదాకా ఏ ఐచ్ఛికాలు తీసుకోకూడదు. విరామం తీసుకోవడానికీ, మానేయడానికీ తేడా ఏమిటి, విరామమైతే సీటూ స్కాలర్‌షిప్పూ నిలుస్తాయా. ఆ జవాబుల ఫోటో, నీ ఫైనాన్స్ జవాబు పత్రం ఫోటో నాకు పంపు. తప్పులున్న చోట ఎర్ర సిరాతో రాసి పంపిస్తాను. ఆదివారం పొద్దున అన్నయ్య కూడా ఉంటాడు, ముగ్గురం ఫోన్లో కూర్చుని ఒక్కో లెక్కా చేద్దాం.

ఆశీస్సులతో,
నాన్న