అడిగినవాళ్లకే తెలుస్తుంది

సంపాదకుల వారికి నమస్కారం,

2020 లాక్‌డౌన్‌లో మా అమ్మాయి లండన్‌లో చదువుకుంటూ ఒక్కతే గదిలో ఉండిపోయింది. రోజూ ఫోన్‌ని రైస్ కుక్కర్‌కి ఆనించి వీడియో కాల్ పెట్టేది, అన్నం కలుపుతూనే ఉండేది, ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు. ఏమైందమ్మా అంటే ఏం లేదు నాన్నా అనేది.

ఆ ఊళ్లోనే యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకురాలు డైసీ ఫాన్‌కోర్ట్ బృందం చేసిన పని గురించి ఈమధ్యే చదివాను. అక్కడ లాక్‌డౌన్ ప్రకటించడానికి రెండు రోజుల ముందే, మార్చి 21న మొదలుపెట్టి, 70 వేల మందికి పైగా జనాన్ని మొదట్లో వారం వారం అడిగారు, నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా, టెన్షన్‌గా ఉందా అని. ఆందోళన తొలి రోజుల్లోనే ఎక్కువగా ఉండి తర్వాత మెల్లగా తగ్గిందట, కానీ చిన్న వయసువాళ్లు, ఆడవాళ్లు, ఆదాయం తక్కువున్నవాళ్లు మిగతావారికంటే ఎక్కువ నలిగిపోయారు. అదే మనిషిని మళ్లీ మళ్లీ అడగబట్టే ఇది తెలిసింది. నేను మా అమ్మాయిని అడగాల్సిన ప్రశ్నలూ అవేనండీ, అప్పుడు నాకు తట్టలేదు.

మనకూ 2022లో మానసిక బాధల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వ ఫోన్ సహాయ సేవ టెలీ మానస్ 14416 వచ్చింది, మంచిదే, కానీ ఫోన్ చేసినవాళ్ల బాధే దానికి వినిపిస్తుంది. చేయనివాళ్ల దగ్గరకు వెళ్లి తెలుగులో, మామూలు మాటల్లో, ఏళ్ల తరబడి అడిగే పనిని మన విశ్వవిద్యాలయాలు తలకెత్తుకోవాలి.

– ఒక తండ్రి, గుంటూరు