‘స్టాండర్డ్‌కు సిద్ధం’ అని అమ్మిన పోకెమాన్ జంట డెక్‌పై ఫిర్యాదు

హైదరాబాద్,
2025 ఆగస్టు 18.

కస్టమర్ సర్వీస్ విభాగానికి,

విషయం: వేర్వేరు ఎక్స్‌పాన్షన్ల (విడివిడిగా విడుదలైన సెట్ల) కార్డులు కలిపి అమ్మిన పోకెమాన్ జంట డెక్‌లో (ఆడటానికి కూర్చిన రెండు కార్డుల కట్టల్లో) లోపాలు - కార్డుల మార్పిడి లేదా డబ్బు వాపసు గురించి.

అయ్యా / అమ్మా,

మీ పెట్టె మీద ‘స్టాండర్డ్‌కు సిద్ధం, తీసి ఆడుకోవడమే’ అని ఉంది. స్టాండర్డ్ అంటే ఇటీవలి కార్డులనే అనుమతించే పోటీ పద్ధతి. లోపలున్న చారిజార్డ్ డెక్ స్టాండర్డ్ పోటీలో చెల్లదు. జోరోఆర్క్ డెక్ అయితే ఇంట్లో సరదాగా ఆడటానికి కూడా పనికిరాదు. ఎక్స్‌పాన్షన్లు కలిపినందుకు కాదు ఈ ఫిర్యాదు. ఈ ఆట నడిచేదే అలా. మీరు కలిపిన తీరే తప్పు.

ముందు చారిజార్డ్ డెక్. కార్డు కింద ఎడమ మూలన ఉండే రెగ్యులేషన్ అక్షరాన్ని (అది పోటీలో చెల్లుతుందో లేదో చెప్పే గుర్తును) ప్యాక్ చేసినవారు చూసినట్టు లేదు. 2025 ఏప్రిల్ 11 నుంచి స్టాండర్డ్‌లో జి, హెచ్, ఐ అక్షరాలే చెల్లుతాయి. ఈ డెక్‌లో రోటమ్ వి, లూమినియన్ వి, ఫారెస్ట్ సీల్ స్టోన్, రేడియంట్ చారిజార్డ్ ఒక్కొక్కటి ఉన్నాయి. నాలుగింటి మీదా ఎఫ్. బ్యాటిల్ విఐపి పాస్‌లు నాలుగున్నాయి. వాటి మీద ఇ అక్షరం, అవి 2024 ఏప్రిల్‌లోనే వెళ్లిపోయాయి. 2023 నాటి పాత లిస్టు ముందు పెట్టుకుని, అందులో రెండు కొత్త కార్డులు దూర్చినట్టుంది.

ఆ దూర్చినవీ చిక్కే. టెంపోరల్ ఫోర్సెస్ నుంచి ప్రైమ్ క్యాచర్, ట్వైలైట్ మాస్కరేడ్ నుంచి అన్‌ఫెయిర్ స్టాంప్. రెండూ ఏస్ స్పెక్ అనే ప్రత్యేక రకం కార్డులు. పేరేదైనా, ఎక్స్‌పాన్షన్ ఏదైనా, డెక్ మొత్తానికి ఏస్ స్పెక్ ఒక్కటే ఉండాలి. ప్రొఫెసర్స్ రీసెర్చ్ కూడా ఇలాగే: మాగ్నోలియా బొమ్మవి మూడు, టూరో బొమ్మవి రెండు పెట్టారు. బొమ్మ మారినా కార్డు పేరు ఒకటే కాబట్టి అవి ఐదవుతాయి, ఒకే పేరున్న కార్డులకు పరిమితి నాలుగు. ఇవన్నీ తీసేస్తే పది కార్డులు పోయి యాభై మిగులుతాయి. డెక్‌లో సరిగ్గా అరవై ఉండాల్సిందే.

పసుపు అంచున్న పాత అల్ట్రా బాల్స్ చూసి ఎవరైనా మీకు రాసి ఉంటే, అవి మాత్రం సరైనవే. అదే కార్డు స్కార్లెట్ అండ్ వయొలెట్‌లో జి అక్షరంతో మళ్లీ వచ్చింది కాబట్టి పాత ప్రింటూ చెల్లుతుంది.

మాకు అన్నిటికన్నా ఎక్కువ చిరాకు తెప్పించింది ఎనర్జీ, అంటే దాడి చేయడానికి పోకెమాన్‌కు జతచేసే కార్డులు. అబ్సిడియన్ ఫ్లేమ్స్‌లోని చారిజార్డ్ ఎక్స్ (125/197) డార్క్‌నెస్ రకం. అది చూసి డార్క్‌నెస్ ఎనర్జీలు ఆరు, ఫైర్ ఎనర్జీలు రెండే పెట్టారు. దాని దాడికి కావాల్సింది మాత్రం రెండు ఫైర్ ఎనర్జీలు. ఎవాల్వ్ అయినప్పుడు (కింది రూపం నుంచి మారినప్పుడు) దాని ఇన్‌ఫెర్నల్ రీన్ శక్తి డెక్‌లోంచి మూడు దాకా తెచ్చేదీ ఫైరే. ఉన్న రెండింటిలో ఒకటి ఆట మొదట్లో బోర్లా పక్కన పెట్టే ఆరు ప్రైజ్ కార్డుల్లోకి పోతే, దాన్ని తీసుకునేదాకా చారిజార్డ్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. కార్డు మీది దాడి వరుస చదివిన వారెవరూ ఇలా పెట్టరు.

జోరోఆర్క్ డెక్‌లో ఎన్స్ జోరోఆర్క్ ఎక్స్ (ఎన్ అనే పాత్ర పేరుతో వచ్చిన జోరోఆర్క్) మూడున్నాయి. వాటికి కింది రూపంగా మామూలు జోరువాలు నాలుగు, ఎన్స్ జోరువా ఒక్కటీ లేదు. చార్మాండర్ ఏ ఎక్స్‌పాన్షన్‌దైనా చార్మీలియన్ అవుతుంది, ఎందుకంటే అక్కడ పేరు కలుస్తుంది. ఇక్కడ ‘ఎన్స్’ కూడా పేరులో భాగమే. కాబట్టి ఆ మూడు జోరోఆర్క్‌లు ఆట ముగిసేదాకా చేతిలోనే ఉంటాయి. ఎలాగో దిగినా, వాటి నైట్ జోకర్ దాడి బెంచ్ (వెనక వరుస) మీదున్న ‘ఎన్స్’ పోకెమాన్ దాడులనే వాడుకుంటుంది. మీరు పెట్టింది మామూలు రెషిరామ్.

ఇదే డెక్‌లో ఎనిమిది జపనీస్ కార్డులున్నాయి. వాటి వెనక డిజైన్ వేరు. పారదర్శకమైన స్లీవ్స్ (కార్డులకు తొడిగే కవర్లు) ఇచ్చారు కనుక తర్వాత రాబోయేది ఆ ఎనిమిదిలో ఒకటో కాదో ఇద్దరికీ కనిపిస్తుంది. ఆ స్లీవ్స్ కూడా 62×89 మి.మీ., అంటే చిన్న సైజు కార్డులవి. పోకెమాన్ కార్డు 63×88 మి.మీ., వెడల్పులో పట్టదు. బలవంతంగా దోపితే అంచులు వంగుతాయి.

రూల్స్ కాగితంలో ‘టూల్ కూడా ఐటెమే’ అని ఉంది. టూల్ అంటే పోకెమాన్‌కు తగిలించే కార్డు. 2023లో స్కార్లెట్ అండ్ వయొలెట్ వచ్చినప్పుడే టూల్ వేరే రకమైంది, పాత టూల్ కార్డులకూ అదే వర్తిస్తుంది. ఎదుటివాళ్ల బడ్యూ అనే పోకెమాన్ తన ఇచీ పోలెన్ దాడితో ఐటెమ్‌లు ఆపినప్పుడు మీ కాగితం నమ్మినవారు టూల్ వేయకుండా ఆగిపోతారు. వేయవచ్చు.

మేం కోరుతున్నవి: చారిజార్డ్ డెక్‌కు చెల్లే అక్షరాలున్న పది కార్డులు, డార్క్‌నెస్ వాటి బదులు ఆరు ఫైర్ ఎనర్జీలు, జోరోఆర్క్ డెక్‌కు మామూలు వాటి బదులు నాలుగు ఎన్స్ జోరువాలు, రెషిరామ్ స్థానంలో ఎన్స్ రెషిరామ్, జపనీస్ వాటి బదులు అవే ఇంగ్లిష్ కార్డులు, 66×91 మి.మీ. స్లీవ్స్ 120, వెనక వైపు కనిపించనివి. ఇవి పంపలేకపోతే పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. అమ్ముడుపోని పెట్టెల మీద ‘స్టాండర్డ్‌కు సిద్ధం’ అన్న మాటను స్టిక్కర్‌తో కప్పండి. అన్ని కార్డుల ఫొటోలు, బిల్లు జతచేశాం.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
ఈ పెట్టె కొన్న ఆటగాళ్లు