జిరాక్స్ షాపులో లినక్స్

వరంగల్

ప్రియమైన రవీ,

బాగున్నావా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైంది. షాపులో కూర్చున్నా ఆ ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా. నా పాత కంప్యూటర్ కొత్త విండోస్‌కు పనికిరాదని తేలింది. పారేయడానికి మనసొప్పక, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. హాయిగా నడుస్తోంది. దరఖాస్తులు రాయడానికి లిబ్రాఫీస్ చాలు.

అసలు సంగతి వేరే ఉంది. మార్చే ముందు పాత డిస్కు తెరిచి చూశాను. ‘స్కాన్’ అనే ఫోల్డర్‌లో మూడేళ్ల కాగితాలు పేరుకుపోయి ఉన్నాయి. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు. ఒక కాగితం మీద ఎవరో ముసలావిడ వేలిముద్ర, కింద వణుకుతున్న చేత్తో ఎవరో రాసిపెట్టిన ఫోన్ నంబరు. డబ్బులిచ్చి కాపీ తీసుకుని వెళ్లిన ఆవిడకు, తన కాగితం ఇక్కడే ఉండిపోయిందని తెలియదు. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాత అన్నీ చెరిపేశాను.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది 2017 ఆగస్టు 24న. ఆ సాయంత్రం కాజీపేట స్టేషన్‌లో టీ తాగుతూ మనం వాదించుకున్నాం, గుర్తుందా? ‘దాచుకోవడానికి మన దగ్గర ఏముందిరా’ అన్నావు. మన దగ్గర ఏమీ లేకపోవచ్చు రవీ, ఆ ముసలావిడ వేలిముద్ర మాత్రం ఉంది.

మింట్ వేసేటప్పుడే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పాస్‌వర్డ్‌తో తాళం వేసే వీలుంది. చేశాను. ఇక కంప్యూటర్‌ను ఎవరు ఎత్తుకుపోయినా, పాస్‌వర్డ్ తెలియకుండా అందులోని కాగితాలు చదవలేరు. ఇంత చేసి స్కానర్ దగ్గర ఆగిపోయాను. ప్రింటు వస్తోంది, స్కాన్ కావడం లేదు. కంపెనీకి రాస్తే ‘లినక్స్‌కు మద్దతు లేదు’ అని ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చారు. అందుకని స్కానింగ్ కోసం మూలనున్న ఇంకో పాత విండోస్ కంప్యూటర్‌నే వాడాల్సి వస్తోంది. అంటే జనం కాగితాలు మళ్లీ తాళం లేని పెట్టెలోకే పోతున్నాయి. స్కానర్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఇవ్వమని మాలాంటివాళ్లం అడిగేది ఏదో సరదా కోసమని వాళ్లు అనుకుంటున్నారేమో. నాకు మాత్రం ఆ డ్రైవరూ, ఆ ముసలావిడ గోప్యతా ఒక్కటే.

లినక్స్ వాడేవాళ్లు తక్కువ, డ్రైవర్ రాయడం గిట్టుబాటు కాదు అంటారు. సరే, రాయవద్దు. ఆ స్కానర్ కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందో ఆ వివరం బయటపెడితే చాలు, లినక్స్‌లో స్కానర్లను నడిపించే సేన్ అనే ఉచిత ప్రాజెక్టులో డ్రైవర్లు రాసేవాళ్లున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన అనే తెలుగు ఫాంటు చేసి అందరికీ ఇవ్వబట్టే కదా, ఈ రోజు డెబియన్ అనే లినక్స్‌లో అది ఉచితంగా దొరుకుతోంది! పోతన ఊరు బమ్మెర మనకు ఎంత దూరమని? ఆ పేరు మెనూలో కనిపించినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

కంపెనీకి మళ్లీ రాద్దామనుకుంటున్నాను. ఈసారి ఏ మోడల్, ఏ వర్షన్, ఎక్కడ ఏ ఎర్రర్ వస్తోందో అన్నీ వివరంగా ఇవ్వాలి. ఆ లాగ్ ఫైళ్లు నాకు పూర్తిగా అర్థం కావు, నీకైతే ఒక్క చూపు చాలు. శివరాత్రికి వస్తావు కదా. వేయిస్తంభాల గుడికి వెళ్లే ముందు ఒక గంట షాపులో కూర్చో. స్కానర్ తిప్పి, వెనకున్న నంబరు నీకు చూపిస్తాను.

నీ
సుధాకర్