ఏరేటర్ బాక్సుల్లో ఏం జరిగింది, మీరు ఈ రాత్రి ఏం చేయాలి

రొయ్యల చెరువుల్లో ఏరేటర్లని, అంటే నీళ్లలో గాలి కలిపే చక్రాలని, నడిపే కంట్రోల్ బాక్స్ మన దగ్గర తీసుకున్న రైతులందరికీ నమస్కారమండి. ఈ ఏప్రిల్‌లో పది రోజుల వ్యవధిలో మీలో ఆరుగురి చెరువుల దగ్గర ఒకటే ఇబ్బంది వచ్చింది. కరెంటు పోయి వచ్చాక స్క్రీన్ మీద "ఏరేటర్లు ఆన్" అని ఉంది, చెరువులో మాత్రం ఒక్క చక్రం కూడా తిరగలేదు. కారణం దొరికింది, తప్పు నాదే. దాచకుండా మొత్తం చెబుతాను.

ముందు పని చూడండి. మీ బాక్స్ 2023 నవంబర్ తర్వాత తీసుకున్నదైతే, నేను వచ్చి సరిచేసేదాకా ఆటో స్విచ్‌ని మాన్యువల్‌కి తిప్పేసి ఏరేటర్లు చేత్తోనే వేయండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో నేను మీకు చెప్పేదేముంది, ఆ టైములో మాత్రం స్క్రీన్ని నమ్మకండి, కాపలా మనిషిని లేచి చక్రాలు కళ్లతో చూడమనండి. అంతకుముందు తీసుకున్న బాక్సులకు ఈ సమస్య లేదు.

మొదటి ఫోన్ కాళ్ళ మండలం నుంచి వచ్చింది. రిలే కార్డు, అంటే బాక్స్ చెప్పగానే మోటారుకి కరెంటు కలిపే స్విచ్ కార్డు, పోయిందేమో అనుకున్నాను, ఎందుకంటే కొత్త బాక్సుల్లో వేసిన కార్డులు వేరే లాటువి. వెళ్లి కార్డు మార్చాను, అయినా రిలే టిక్కుమనలేదు. షాపులో మూడు రోజులు చక్కగా నడిచిన ఇంకో బాక్స్ తెచ్చి పెడితే పనిచేసింది, హమ్మయ్య అనుకుని భీమవరం వచ్చేశాను. రెండు రోజుల తర్వాత కరెంటు పోయి వచ్చింది, ఆ బాక్సూ ఆగిపోయింది. ఈలోగా ఉండి వైపు ఇంకో రైతుకి కూడా రిలే కార్డే పోయిందని చెప్పి డబ్బులు తీసుకుని మార్చాను. ఇద్దరి డబ్బులూ వెనక్కి వేసేశాను, కార్డులు బాగానే ఉన్నాయి.

నా బల్ల మీద బాగా నడిచిన బాక్స్ చెరువు దగ్గరికి వెళ్లి రెండు రోజుల్లో ఎందుకు ఆగిపోయిందన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు. తేడా ఒక్కటే, షాపులో దానికి ఇంటర్నెట్ లేదు, చెరువు దగ్గర 4జీ డాంగుల్ ఉంది. బాక్సులన్నీ రోజూ రాత్రి వాటంతట అవే అప్‌డేట్ అయ్యేలా పెట్టింది నేనే. లోపల ఉన్నది రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, దాని మీద లినక్స్. 2024 మార్చిలో దాని ఓఎస్‌లో కెర్నెల్, అంటే ఓఎస్‌కి గుండె లాంటి భాగం, 6.1 నుంచి 6.6కి మారింది. కెర్నెల్ అప్‌డేట్ అయినా రీస్టార్ట్ అయ్యేదాకా నడిచేది పాతదే. అంటే మెమరీ కార్డులో కొత్త కెర్నెల్ కూర్చుని ఉంది, బాక్స్ మాత్రం పాతదాని మీదే నడుస్తోంది, కరెంటు పోయి లోపలి బ్యాటరీ కూడా అయిపోయి తిరిగి లేచినప్పుడే కొత్తది ఎక్కింది. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో రోజు వచ్చింది, అందుకే నేనూ దీన్ని కరెంటు దెబ్బ అనుకున్నాను.

ఆ రాత్రి షాపులో ఒక బాక్స్ విప్పి అప్‌డేట్ చేసి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టాను. స్క్రీన్ వచ్చింది, "ఆన్" అంది, రిలే మీద ఎర్ర లైటు వెలగలేదు. ప్రోగ్రాం ఆపేసి, రిలేకి సిగ్నల్ పంపే 17వ నంబరు పిన్‌ని నేనే చేత్తో తెరవబోతే "ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్" అని కొట్టింది. పిన్నుల జాబితా తీసి చూస్తే నంబర్లు 512 దగ్గర మొదలై 569 దాకా ఉన్నాయి. పాత కెర్నెల్లో ఇవే సున్నా నుంచి మొదలయ్యేవి. మునిసిపాలిటీ వాళ్లు వీధిలో డోర్ నంబర్లన్నీ మార్చేస్తే పాత అడ్రస్ పట్టుకుని తిరిగే పోస్ట్‌మాన్‌లా నా ప్రోగ్రాం ఇంకా 17 కోసమే వెతుకుతోంది, ఆ పిన్ ఇప్పుడు 529. అక్కడ 529 అని కొట్టగానే రిలే టిక్కుమంది. అప్పుడు టైము రాత్రి రెండు దాటింది, ఆ చప్పుడు వినగానే వెంటనే అందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను.

పాత బాక్సుల్లో ఉన్నది అంతకుముందు తరం ఓఎస్, అందులో కెర్నెల్ ఇప్పటికీ 6.1 కాబట్టి అవి బతికిపోయాయి.

కెర్నెల్ చేసేవాళ్లని నేను అనను. పిన్నుని ఇలా నంబర్‌తో పిలిచే పద్ధతి పాతదైపోయిందని, కొత్త పద్ధతి వాడమని 2016 నుంచీ చెబుతూనే ఉన్నారు. నడుస్తోంది కదా అని నేనే మార్చలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. పిన్ తెరుచుకోలేదని కెర్నెల్ చెప్పినా నా ప్రోగ్రాం ఆ మాట పట్టించుకోకుండా మీకు "ఆన్" అని చూపించింది. ఇది చెప్పడానికి నాకు చాలా కష్టంగా ఉంది. ఒక రైతుకి రొయ్యలు పైకి తేలి గట్టు అంచుకి వచ్చేశాయి, నీరసించాయని 50 కౌంటు (కిలోకి 50 రొయ్యలు) దాకా ఆగాల్సిన చెరువుని 80 కౌంటుకే పట్టుబడి చేయాల్సి వచ్చింది. ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడాను, నష్టంలో నా వాటా నేను కడుతున్నాను. మిగతా ఐదుగురి దగ్గరా కాపలావాళ్లు చూసి మాన్యువల్‌లో వేశారు, వాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇప్పుడు చేసినవి చెబుతాను. కొత్త ప్రోగ్రాం పిన్నుని నంబర్‌తో కాకుండా "జీపీఐఓ 17" అని పేరుతోనే అడుగుతుంది, కాబట్టి నంబర్లు ఎలా మారినా దానికి పట్టింపు లేదు. రాత్రిపూట అప్‌డేట్లు ఆపేశాను, కెర్నెల్ దానంతట అది మారకుండా హోల్డ్‌లో పెట్టాను. ఇకపై ఏ అప్‌డేట్ అయినా ముందు నా షాపులో మూడు బాక్సుల మీద నడవాలి, ఒక్కోదానికి పదిసార్లు కరెంటు తీసి పెట్టి చూశాకే మీ దగ్గరికి వస్తుంది. ఏరేటర్ లైనుకి చిన్న కరెంటు సెన్సార్ కూడా బిగిస్తున్నాను, మోటారు నిజంగా కరెంటు లాగుతుంటేనే స్క్రీన్ మీద "ఆన్" పడుతుంది, లేదంటే మీ ఫోన్ మోగుతుంది. సెన్సార్‌కి డబ్బులు తీసుకోను.

వైరింగ్ కూడా మారుస్తాను. ఇప్పటిదాకా బాక్స్ చచ్చిపోతే ఏరేటర్లూ ఆగిపోయేవి. ఇకనుంచి ప్రతి చెరువుకీ రెండు ఏరేటర్లు బాక్స్ పనిచేయకపోయినా తిరిగేలా, రిలేలో సిగ్నల్ లేకపోయినా కరెంటు కలిసే ఉండే వైపు కలుపుతాను. అన్నీ అలా ఎందుకు కలపవని ఇద్దరు అడిగారు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుందండి, అప్పుడు అసలుకే మోసం.

సోమ, మంగళవారాల్లో కాళ్ళ, ఉండి వైపు వస్తాను, బుధవారం ఆకివీడు, గురువారం కైకలూరు. ఒక్కో బాక్స్‌కి గంటన్నర పడుతుంది, ఏరేటర్లు ఆపాల్సి ఉంటుంది కాబట్టి పగలు ఎండ ఉన్నప్పుడే చేస్తాను. పని అయ్యాక స్క్రీన్ కింద కుడి మూలన కొత్త ప్రోగ్రాం నంబరు 3.2 అని కనపడాలి. అది కనపడి, నేను మీ ఎదురుగానే మెయిన్ తీసి మళ్లీ వేసి, చక్రాలు తిరగడం మీరు చూశాకే స్విచ్‌ని ఆటోకి తిప్పండి.