అద్దాలు చూడమన్న మేడం గారికీ, మిగతా అందరికీ కృతజ్ఞతలు

'జేన్ ఎయిర్', 'వైడ్ సర్గాసో సీ' నవలల మీద నా వ్యాసం మొత్తానికి పూర్తయింది. సాయం చేసినవాళ్లకి పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ పేర్లు వద్దన్నారు. అందుకని ఎవరేం చేశారో మాత్రమే చెప్తాను.

ముందుగా మా మేడం గారు. షార్లెట్ బ్రాంటీ 1847లో 'జేన్ ఎయిర్'లో, జీన్ రీస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ'లో చూపించిన ఆడవాళ్ల మనసుల్ని ఎక్కడ పక్కపక్కన పెట్టాలో తోచక టెన్షన్ పడుతుంటే, "కథ చెప్పడం ఆపమ్మా, అద్దాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడు" అన్నారు. అక్కణ్ణించి కలం ఆగలేదు.

చిన్నారి జేన్‌ని ఎర్రగదిలో పెట్టి తాళం వేస్తే, అక్కడి పెద్ద అద్దంలో తన మొహమే తనకి దయ్యంలా కనిపిస్తుంది. అయినా ఆ భయాన్ని పెద్దయ్యాక మనకి చెప్పేది జేనే. పెళ్లి దగ్గరపడ్డాక ఒక రాత్రి బెర్తా, అంటే పెళ్లికొడుకు అదే ఇంట్లో మూడో అంతస్తులో దాచి బంధించిన మొదటి భార్య, వచ్చి జేన్ మేలిముసుగు వేసుకుని అద్దంలో చూసుకుంటుంది. ఆ మొహాన్నీ మనం చూసేది జేన్ కళ్లతోనే. బెర్తా మనసులో ఏముందో బ్రాంటీ ఎక్కడా చెప్పదు.

రీస్ ఆ బెర్తానే ఆంటోనెట్‌గా, కరీబియన్ దీవుల్లో పెరిగిన పిల్లగా చూపించింది. బెర్తా అన్నది మొగుడు తగిలించిన పేరు. ఇంగ్లండులో బంధించిన గదిలో అద్దం లేదు, ఇప్పుడు తను ఎలా ఉందో తనకే తెలీదు. చివర్లో బంగారు చట్రంలో జుట్టు విరబోసుకున్న మనిషి కనిపిస్తే, ఆ ఇంట్లో తిరిగే దయ్యం అదే అనుకుంటుంది. నవల మధ్యభాగం చాలావరకు భర్తే చెప్తాడు. అప్పుడు ఆమె మనసు మనకీ అందదు, కోపం కూడా వస్తుంది. నన్నడిగితే రీస్ పనితనమంతా అక్కడే ఉంది.

"బ్రాంటీని మరీ తక్కువ చేస్తున్నావే" అని గంటసేపు పోట్లాడిన స్నేహితురాలికి రెండో థాంక్స్. ఆడవాళ్లకీ మగవాళ్లలాగే మనసుంటుందని జేన్ మథనపడుతూ తిరిగే మూడో అంతస్తులోనే బెర్తా వింత నవ్వు వినిపిస్తుందని చూపించింది తనే. వ్యాసంలో నాకు బాగా నచ్చిన పేరా అదే, సగం క్రెడిట్ తనది.

రీస్ ఆ భర్తకి పేరే పెట్టలేదని ప్రూఫులు చూస్తూ గుర్తుచేసిన తమ్ముడికీ, గడువు పెంచుతూ పోయిన లైబ్రేరియన్ గారికీ ధన్యవాదాలు.

కాపీ అడిగినవాళ్లకి ఈ వారంలో పంపిస్తాను. మేడం గారూ, మీ పుస్తకం పెన్సిల్ గీతలతో సహా భద్రంగా ఉంది. ఆదివారం తెచ్చిస్తాను.